కోంగ్‌హౌ పేరు, పుట్టుక: ఆంధ్ర శిల్పాల్లోని వీణతో ఒక పరిశీలన

చైనా ప్రాచీన వాద్యం కోంగ్‌హౌ అనగానే నిలువు తీగల హార్ప్ స్ఫురిస్తుంది. తొలి గ్రంథాల్లో ఆ పేరుతో కనిపించే వాద్యం అదేనా అన్నది విడిగా తేల్చవలసిన విషయం.

1. క్రీ.పూ. 111లో దక్షిణాన నాన్‌యుయే రాజ్యం హాన్ చక్రవర్తి వూ వశమైన పిమ్మట, దేవతారాధన సంగీతంలో ఈ వాద్యం చేరిందని సిమా చియన్ చరిత్ర చెబుతోంది. క్రీ.శ. 2వ శతాబ్ది నాటి ఇంగ్ షావ్ కథనం మరికొంత ముందుకు వెళుతుంది. చక్రవర్తి ఆజ్ఞపై హౌ అనే ఇంటిపేరు గల వాద్యకారుడు దీన్ని చేశాడనీ, 'కాన్ కాన్' అనే మోతకు ఆ ఇంటిపేరు తోడై 'కాన్‌హౌ' అయిందనీ ఆయన వివరణ. దాదాపు అదే కాలపు ల్యూ షీ మాత్రం రాజ్యం శూన్యమైన ప్రభువుల దగ్గర మిగిలిన వాద్యం కనుక ఆ పేరు వచ్చిందన్నాడు. రెండూ పేరులోని అక్షరాలను విడదీసి అల్లిన వివరణలే. మూడు శతాబ్దాలు గడిచేసరికి అసలు వ్యుత్పత్తి మరుగున పడి ఉండవచ్చుననడానికి ఈ వైరుధ్యమే బలమైన సూచన.

2. పేరు ఒకటే అయినా వాద్యాలు మూడు. మొదటిది అడ్డంగా పెట్టి వాయించేది. హాన్ కాలపు తొలి ప్రస్తావనలు దీనికే చెంది ఉండవచ్చు. రెండవది పడమటి నుంచి వచ్చిన నిలువు హార్ప్. క్రీ.శ. 168–189 మధ్య పాలించిన లింగ్ చక్రవర్తికి 'హు' జనుల కోంగ్‌హౌ అంటే మక్కువ అని చరిత్రకారులు రాశారు. 'హు' అన్నది పడమటి, ఉత్తరపు విదేశీయులకు వాడిన మాట. షిన్‌జియాంగ్‌లోని జాగున్‌లుక్ సమాధుల్లో దొరికిన కొయ్య హార్ప్‌లు క్రీ.పూ. మొదటి సహస్రాబ్ది మధ్య కాలానివని అంచనా. అంటే వస్తువు గ్రంథాలకంటే ప్రాచీనం. అయితే వాటిని వాయించినవారు ఏ పేరుతో పిలిచారో ఆ సమాధులు చెప్పవు కనుక, వాటిని కోంగ్‌హౌ చరిత్రకు ఆరంభంగా చూపడం తొందరపాటు.

3. మూడవది పక్షితల ఉన్న విల్లు ఆకారపు కోంగ్‌హౌ. మన పరిశీలనకు ఇదే కీలకం. క్రీ.శ. 4వ శతాబ్ది మధ్యలో ల్యాంగ్‌జౌకు చేరిన తియన్‌జు, అనగా భారతదేశపు, వాద్యబృందంలో ఇది ఉందని సుయి వంశ చరిత్ర నమోదు చేసింది. 802లో బర్మా ప్యూ రాజ్యం తాంగ్ ఆస్థానానికి పంపిన బృందం వెంట కూడా ఇలాంటి వాద్యాలు వెళ్లాయి.

4. ఇక ఆంధ్ర ఆధారం. అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లో ఒళ్లో ఇమిడే విల్లు ఆకారపు తంత్రీవాద్యం పలుమార్లు కనిపిస్తుంది. సముద్రగుప్తుడు తన నాణేలపై వాయిస్తున్నదీ ఈ జాతిదే. ప్రాచీన 'వీణ' ఇదేనని ఆనంద కుమారస్వామి 1930లో వాదించారు. ఆ వాదం చాలామేరకు నిలుస్తుంది. అయితే నాగార్జునకొండలోనే పొట్టి మెడ గల మరో వాద్యం కూడా ఉన్నందున, నాటి ప్రతి 'వీణ'నూ విల్లుగానే చదవడానికి వీల్లేదు. 24 మెట్ల నేటి వీణ రూపం 17వ శతాబ్దిలో తంజావూరు రఘునాథ నాయకుని కాలంలో స్థిరపడిందని సంప్రదాయం.

నాగార్జునకొండ ఇక్ష్వాకుల శిల్పాలు 3–4 శతాబ్దాలవి. ల్యాంగ్‌జౌ నమోదుకు కాలం దగ్గరే. అయినా ల్యాంగ్‌జౌ ఉన్నది చైనా వాయవ్యాన, భూమార్గం మీద. కృష్ణా తీరం నుంచి వాద్యం నేరుగా అక్కడికి వెళ్లిందనడానికి కాల సామీప్యం ఒక్కటే చాలదు. రెండూ ఒకే కుటుంబానికి చెందినవనడం వరకు నిలబడుతుంది.

ఇక నేటి శిల్పకళకు వస్తే, ఆళ్లగడ్డ శిల్పులు చెక్కే సరస్వతి చేతిలో మెట్ల వీణ ఉండటం నేటి సంప్రదాయానికి సరైనదే. అదే ఆళ్లగడ్డకు గానీ నంద్యాలకు గానీ శాతవాహన, ఇక్ష్వాకు కాలపు సభా దృశ్యం మలిచే పని వస్తే, వాయించేవారి ఒడిలో విల్లు ఆకారాన్ని చెక్కడమే లభ్యమైన ఆధారాలకు దగ్గర.