ఆఫ్రికా భౌగోళిక స్వరూపం – మానవ చరిత్ర: నిర్ణయవాదంపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒక ఖండపు చరిత్రను దాని నేల, నీరు, వాతావరణమే నిర్ణయిస్తాయా? ఆఫ్రికా విషయంలో ఈ ప్రశ్నకు 'అవును' అనే సమాధానం చాలాకాలం చెల్లుబాటయింది. ఎడారి, అడవి, జలపాతాలు అడ్డు నిలవడంవల్ల ఆఫ్రికన్లకు చెప్పుకోదగిన చరిత్ర ఏర్పడలేదని పందొమ్మిదో శతాబ్దపు ఐరోపా చింతనాపరులు వాదించారు. వలసపాలనకు ఈ వాదం సమర్థనగా ఉపయోగపడింది. ఆఫ్రికా భౌతిక, మానవ భౌగోళికాంశాలను చారిత్రకాధారాలతో కలిపి చదివి, ఆ వాదంలోని లోపాలను చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆఫ్రికాతో తెలుగువారికి ఏర్పడిన సంబంధాన్ని కూడా ఈ నేపథ్యంలో పరిశీలించడం జరిగింది.

కీలక పదాలు: ఆఫ్రికా, భౌగోళిక నిర్ణయవాదం, సహారా, బంటూ భాషలు, గ్రేట్ జింబాబ్వే, బెర్లిన్ సమావేశం, ఒప్పంద కూలీలు.

1. ఉపోద్ఘాతం:

ఆఫ్రికా వైశాల్యం సుమారు 3.03 కోట్ల చదరపు కిలోమీటర్లు. భూమిపైనున్న నేలలో ఇది ఐదోవంతు. భారతదేశమంతటి దేశాలు తొమ్మిది అందులో ఇముడుతాయి. అయినా తరగతి గదుల గోడలకు వేలాడే మెర్కేటర్ పటంలో గ్రీన్‌లాండ్, ఆఫ్రికా దాదాపు సమానంగా కనిపిస్తాయి. వాస్తవంలో ఆఫ్రికా గ్రీన్‌లాండ్ కంటే 14 రెట్లు పెద్దది. 1569లో మెర్కేటర్ ఆ పటాన్ని నావికులు దిక్కు తప్పకుండా ఉండేందుకు గీశాడు గానీ, దేశాల వైశాల్యాలను పోల్చేందుకు కాదు. ఒక ప్రయోజనంకోసం పుట్టిన పటం మరో ప్రయోజనానికి వాడుకలోకి వచ్చి, ఒక ఖండాన్ని చూపులోనే చిన్నది చేసింది.

చరిత్ర రచనలోనూ ఇటువంటిదే జరిగింది. జర్మన్ తత్త్వవేత్త హెగెల్ చరిత్ర తత్త్వంపై చేసిన ఉపన్యాసాలలో ఆఫ్రికాను మూడు భాగాలుగా విడదీశాడు. మధ్యధరా తీరాన్ని ఐరోపాతోను, నైలు లోయను ఆసియాతోను ముడిపెట్టాడు. సహారాకు దక్షిణంగా మిగిలినదే అసలు ఆఫ్రికా అని, అది ప్రపంచ చరిత్రకు వెలుపల ఉందని తేల్చాడు. ఈ విభజనకు అతడు ఆధారం చేసుకున్నది భూగోళాన్నే. 1963లో కూడా బ్రిటిష్ చరిత్రకారుడు హ్యూ ట్రెవర్-రోపర్ ఇదే ధోరణిలో మాట్లాడాడు. ఆ మరుసటి ఏడాదే యునెస్కో ఆఫ్రికా సమగ్ర చరిత్ర రచనకు పూనుకోవడం గమనార్హం. అందువల్ల ఆఫ్రికా భూగోళాన్ని చదవడమంటే కొండలూ నదులూ లెక్కించడం మాత్రమే కాదు. ఒక పాత తీర్పును పునర్విచారించడం కూడా.

2. పీఠభూమి, తీరం, నదులు:

ఆఫ్రికాలో అధికభాగం పీఠభూమి. తీరమైదానం చాలాచోట్ల సన్నగా ఉండి, దాని వెనుకనే నేల నిటారుగా లేస్తుంది. ఖండం పరిమాణంతో పోలిస్తే తీరరేఖ పొడవు తక్కువ. లోపలికి చొచ్చుకువచ్చే అఖాతాలు, సహజమైన ఓడరేవులు కొద్ది. ఐరోపా వైశాల్యం ఆఫ్రికాలో మూడోవంతే అయినా దాని తీరం ఇంతకంటే ఎక్కువ వంపులు తిరిగి, ఎక్కువ పొడవుంటుంది.

నదుల స్వభావం ఈ నేలతీరునుబట్టి ఏర్పడింది. కాంగో నది భూమధ్యరేఖను రెండుసార్లు దాటుతుంది. ఉత్తరాన వానలు తగ్గే కాలంలో దక్షిణాన కురవడంవల్ల ఏడాది పొడవునా దాని ప్రవాహం పెద్దగా తగ్గదు. నీటి పరిమాణంలో అమెజాన్ తరువాతి స్థానం దానిదే. ఇంతటి నదిలో సముద్రంనుంచి ఓడలు మటాడి వరకే రాగలవు. మటాడికీ కిన్షాసాకూ మధ్య నది పీఠభూమి అంచునుంచి జలపాతాల వరుసగా దిగుతుంది. అక్కడ మోతబరువంతా మనుషుల తలలపైనే సాగేది. 1890–1898 మధ్య వేసిన రైలుమార్గం నిర్మాణంలో ఎందరో కూలీలు ప్రాణాలు కోల్పోయారు.

అయితే ఈ జలపాతాలు అడ్డుకున్నది సముద్రంమీదుగా వచ్చేవారిని. కిన్షాసాకు ఎగువన నదీ, దాని ఉపనదులూ కలిసి వేల కిలోమీటర్ల జలమార్గంగా స్థానికులకు ఉపయోగపడ్డాయి. చేపలు, ఎర్రకర్ర పొడి, కుండలు, లోహ వస్తువులు ఆ మార్గంలోనే చేతులు మారాయి. 'ప్రవేశానికి వీలుకాని ఖండం' అనే మాట పడవ దిగి వచ్చినవాడి దృష్టినుంచి పుట్టినది. నది ఒడ్డున ఉన్నవాడిది కాదు.

3. సహారా – అడ్డుగోడా? రహదారా?

సహారా విస్తీర్ణం సుమారు 90 లక్షల చదరపు కిలోమీటర్లు. ఇది ఎల్లకాలం ఎడారి కాదు. అల్జీరియాలోని తస్సిలి నజ్జర్ రాతిచిత్రాలలో పశువుల మందలు, నీటిగుర్రాలు కనిపిస్తాయి. సుమారు 5,000 సంవత్సరాల క్రితంనాటికి వానలు వెనక్కు తగ్గడంతో పచ్చికబయళ్లు ఎండిపోయాయి. అక్కడి పశుపాలకులు దక్షిణాన సాహెల్ గడ్డిమైదానాలవైపు, తూర్పున నైలు లోయవైపు కదిలారు. ఈజిప్టు నాగరికత వెనుక ఈ కదలికలకు కూడా పాత్ర ఉన్నదని పురాతత్త్వ పరిశోధనలు సూచిస్తున్నాయి. అంటే హెగెల్ విడదీసిన నైలు లోయ, 'అసలు ఆఫ్రికా' పరస్పరం సంబంధంలేనివి కావు.

క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో ఒంటె వాడకం విస్తరించాక సహారా రహదారిగా మారింది. ఎడారి నడిమధ్యన ఉన్న తగాజా గనుల ఉప్పు దక్షిణానికి, బంబుక్, బురే ప్రాంతాల బంగారం ఉత్తరానికి సాగాయి. దక్షిణాన చెమటోడ్చి పనిచేసే రైతుకు ఉప్పు జీవనావసరం. ఉత్తరాన నాణేలు ముద్రించే రాజ్యాలకు బంగారం అవసరం. ఈ రెండు అవసరాల కూడలిలో ఘనా, మాలి, సొంఘాయ్ రాజ్యాలు వరుసగా ఎదిగాయి. 1324లో మక్కాయాత్రకు వెళుతూ మాలి పాలకుడు మన్సా మూసా కైరోలో పంచిన బంగారంవల్ల అక్కడ బంగారం విలువ పడిపోయిందని అల్-ఉమరీ నమోదు చేశాడు. 1375నాటి కాటలాన్ పటంలో మూసా చేతిలో బంగారు ముద్దతో దర్శనమిస్తాడు. ఆనాటి ఐరోపా పటకర్తకు ఆఫ్రికా అంతర్భాగం తెలియని చీకటి కాదు, సంపన్నమైన రాజ్యం. 'చీకటి ఖండం' అనే పేరు ఆ తరువాతి శతాబ్దాలలో ప్రచారమైనది.

4. త్సెత్సీ ఈగ, బంటూ భాషలు:

భౌగోళిక పరిమితులు లేవని వాదించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. త్సెత్సీ ఈగ అందుకు బలమైన ఉదాహరణ. అది వ్యాపింపజేసే వ్యాధి గుర్రాలనూ పశువులనూ చంపుతుంది. ఆ ఈగ తిరిగే తేమ ప్రాంతాలలో నాగలి లాగే ఎడ్లకూ, బండ్లకూ, అశ్వదళాలకూ తావులేకపోయింది. గడ్డిమైదానాలలో గుర్రపు రౌతులతో విస్తరించిన రాజ్యాలు అడవి అంచుకు వచ్చేసరికి ఆగిపోవడానికి ఒక కారణం ఈ ఈగే.

కాని అదే ప్రాంతంలో మనుషులు ఆగిపోలేదు. నేటి నైజీరియా–కామెరూన్ సరిహద్దు ప్రాంతంనుంచి సుమారు 4,000–5,000 సంవత్సరాల క్రితం బంటూ భాషలు మాట్లాడే సమూహాలు దక్షిణ, తూర్పు దిక్కులకు విస్తరించడం మొదలుపెట్టాయి. పెండలం వంటి దుంపపంటలు, ఆ తరువాత ఇనుప పనిముట్లు, తూర్పున తృణధాన్యాలు, పశుపోషణ వారికి తోడయ్యాయి. నాగలి లేనిచోట చేతిపారతో పొడుసేద్యం చేశారు. నేడు ఖండపు దక్షిణార్ధంలో సుమారు 500 బంటూ భాషలు వాడుకలో ఉన్నాయి.

వ్రాతపూర్వక ఆధారాలు లేని ఈ విస్తరణను గుర్తించడంలో భాషాశాస్త్రం ప్రధాన ఆధారమైంది. 'బంటూ' అనే పేరును భాషాకుటుంబానికి స్థిరపరచి, విల్‌హెల్మ్ బ్లీక్ తన తులనాత్మక వ్యాకరణంలో మొదటి భాగాన్ని 1862లో వెలువరించాడు. కాల్డ్వెల్ ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణం వచ్చినది 1856లో. భాషల పోలికతో జనుల గతాన్ని చదివే పద్ధతి ఒకే దశాబ్దంలో రెండు ఖండాలలో వేళ్లూనుకోవడం తెలుగు పరిశోధకులు గమనించదగిన విషయం. ఆ రెండుచోట్లా భాషాకుటుంబాన్ని జాతిగా పొరబడే ప్రమాదం కూడా వెంట వచ్చింది.

5. ఋతుపవనాలు, రాతిగోడలు:

హిందూ మహాసముద్రంపై గాలులు ఏడాదికి రెండుసార్లు దిశ మార్చుకుంటాయి. ఈశాన్య గాలులతో అరేబియా, పశ్చిమ భారత తీరాలనుంచి ఓడలు తూర్పు ఆఫ్రికాకు చేరేవి. నైరుతి గాలులతో తిరిగి వెళ్లేవి. గాలి మారేవరకు వర్తకులు నెలలతరబడి రేవులలో నిలవవలసివచ్చేది. ఆ నిలకడలోనే కిల్వా, మొంబాసా వంటి నగరాలు పెరిగాయి. స్వాహిలి భాష నిర్మాణంలో బంటూ భాష; దాని పేరు తీరం అనే అర్థమున్న అరబ్బీ పదంనుంచి వచ్చినది.

ఈ తీరవాణిజ్యంతో ముడిపడిన లోతట్టు కేంద్రం గ్రేట్ జింబాబ్వే. క్రీస్తుశకం 11–15 శతాబ్దాల మధ్య షోనా ప్రజల పూర్వికులు సున్నమూ బురదా లేకుండా గ్రానైట్ రాళ్లను పేర్చి అక్కడ కట్టడాలు నిర్మించారు. బయటి గోడ కొన్నిచోట్ల 11 మీటర్ల ఎత్తుంది. శిథిలాలలో చైనా పింగాణీ ముక్కలు, కిల్వా నాణెం లభించాయి. 1871లో ఈ స్థలాన్ని చూసిన కార్ల్ మౌఖ్ దీనిని షేబా రాణికి అంటగట్టాడు. 1905లో రాండల్-మాకైవర్, 1929లో గెర్ట్రూడ్ కేటన్-థాంప్సన్ తవ్వకాలు జరిపి, ఇది ఆఫ్రికన్ల నిర్మాణమేనని నిరూపించారు. అయినా రొడీషియా శ్వేతజాతి ప్రభుత్వకాలంలో ఈ సత్యాన్ని చెప్పే పురాతత్త్వవేత్తలపై ఒత్తిడి కొనసాగింది. ఆధారాలు లేకపోవడంవల్ల కాదు, ఆధారాలను అంగీకరిస్తే పాలనకు నైతిక పునాది కదులుతుందనే భయంవల్ల ఈ నిరాకరణ సాగింది. 1980లో స్వాతంత్ర్యం పొందిన దేశం ఆ శిథిలాల పేరునే తన పేరుగా ఎంచుకోవడం ఆ నిరాకరణకు ప్రజలిచ్చిన సమాధానం.

6. పటంపై గీతలు:

1884 నవంబరు 15నుంచి 1885 ఫిబ్రవరి 26 వరకు జరిగిన బెర్లిన్ సమావేశంలో 14 దేశాలు పాల్గొన్నాయి. ఆఫ్రికన్ల ప్రతినిధి ఒక్కరూ లేరు. ఆ బల్లపైనే ఖండమంతా పంచుకున్నారని తరచుగా చెబుతుంటారు. నిజానికి ఆ సమావేశం కాంగో, నైజర్ నదులపై నౌకాయానాన్ని గురించీ, తీరప్రాంతాల ఆక్రమణకు గుర్తింపు పొందే నియమాలను గురించీ తీర్మానించింది. అధికశాతం సరిహద్దులు ఆ తరువాతి సంవత్సరాలలో జంట ఒప్పందాల ద్వారా ఏర్పడ్డాయి. 1870లలో ఖండంలో పదోవంతు మాత్రమే ఐరోపా అధీనంలో ఉండగా, 1914నాటికి ఇథియోపియా, లైబీరియా మినహా దాదాపు అంతా వారి అధీనమైంది. మలేరియాకు క్వినైన్, ఆవిరి పడవలు, ఆధునిక తుపాకులు ఈ మార్పుకు తోడ్పడ్డాయి.

గీసినవారికి నేల ఎంత తెలుసో చెప్పడానికి కాప్రివి పట్టీ చాలు. 1890 ఒప్పందంలో జర్మనీ తన నైరుతి ఆఫ్రికా వలసనుంచి జాంబెజీ నదివరకు సుమారు 450 కిలోమీటర్ల సన్నని పట్టీని పొందింది. జాంబెజీమీదుగా హిందూ మహాసముద్రానికి చేరాలని దాని ఆశ. కాని దిగువన విక్టోరియా జలపాతం ఉంది. ఆ దారి ఏనాడూ తెరచుకోలేదు. పట్టీ మాత్రం నేటికీ నమీబియా పటంలో మిగిలింది. సోమాలీలు సోమాలియా, ఇథియోపియా, కెన్యా, జిబూతీలలోను, మసాయిలు కెన్యా, టాంజానియాలలోను విడిపోయారు. 1964లో కైరోలో ఆఫ్రికా ఐక్యతా సంస్థ ఈ సరిహద్దులనే గౌరవించాలని తీర్మానించింది. అవి న్యాయమైనవని కాదు. మార్చబూనితే అంతులేని యుద్ధాలు వస్తాయని.

నైలు జలాల వివాదం కూడా ఈ వారసత్వమే. 1959 ఒప్పందం ఈజిప్టుకు 55.5, సుడాన్‌కు 18.5 వందల కోట్ల ఘనపు మీటర్లు కేటాయించింది. నీటిలో అధికభాగాన్ని అందించే ఇథియోపియాకు అందులో చోటులేదు. 2011లో ఆ దేశం నీలి నైలుపై మొదలుపెట్టి 2025లో ప్రారంభించిన మహా ఆనకట్టను ఈ నేపథ్యంలో చూడాలి.

7. తెలుగువారి జాడ:

1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసునుంచి ఒప్పంద కూలీలతో డర్బన్ చేరింది. 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు నటాల్ వెళ్లారు. వారిలో తమిళులతోపాటు తెలుగువారూ గణనీయంగా ఉన్నారు. నటాల్ తీరపు తేమ వాతావరణం చెరకుకు అనుకూలమే. కాని సొంత నేలా పశువులూ ఉన్న జూలూలు తోటలలో కూలికి సుముఖత చూపలేదు. అందువల్ల తోటల యజమానులు సముద్రం దాటి కూలీలను వెతికారు. చెరకును నేల అనుమతించింది. దానిని కోసే చేతులను సామ్రాజ్యం నిర్ణయించింది. మారిషస్‌కు వెళ్లిన తెలుగువారికి కోరంగి రేవు పేరుమీదుగా 'కోరంగీలు' అనే పేరు వచ్చింది. నేడు ఆ దేశంలో ఉగాది ప్రభుత్వ సెలవుదినం. దక్షిణాఫ్రికా 1996 రాజ్యాంగం గౌరవించి ప్రోత్సహించవలసిన భాషలలో తెలుగును పేర్కొంది.

8. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

• ఆఫ్రికా భౌగోళిక పరిస్థితులు కొన్ని మార్గాలను కష్టతరం చేశాయి, మరికొన్నింటిని తెరిచాయి. ఏ మార్గాన నడవాలో మనుషుల శ్రమ, సాంకేతికత, రాజకీయం నిర్ణయించాయి.

• సహారా, కాంగో, ఋతుపవన సముద్రం సముద్రాంతర ఆగంతకులకు ఒకలా, స్థానికులకు మరోలా కనిపించాయి. 'దుర్గమం' అనే విశేషణం ఎవరి దృష్టినుంచి వచ్చిందో పరిశోధకుడు అడగాలి.

• నేటి సరిహద్దు, జల వివాదాలకు ప్రకృతి కంటే వలసకాలపు ఒప్పందాలే దగ్గరి కారణాలు.

• నటాల్, మారిషస్ తెలుగువారి చరిత్ర ఆఫ్రికా మానవ భూగోళంలో భాగం. దానిని వలసగాథగా మాత్రమే కాక, ఆ నేల, ఆ ప్రజల చరిత్రతో కలిపి చదవాలి.

ఖండానికి చరిత్ర లేదన్నవారు భూగోళాన్ని సాక్షిగా పిలిచారు. ఆ సాక్షిని ఓపికగా విచారిస్తే, చెప్పిన సాక్ష్యం వారికి అనుకూలంగా లేదు.