దానమునకై వేలము

బిలాసపురమున తెలిపారా అను పేటను చూచిన తెలుగువాడు అది తన వారి పేటయేయని తొలుత భ్రమించుట సహజము. ఆ పేరు తెలుగువారివలన వచ్చినది కాదు. తేలీలు, అనగా గానుగ ఆడించి నూనె తీయువారు, కాపురమున్న వీధి యగుటచే దానికా పేరు కలిగెను. తెలుగువారు రైలుదారితో వచ్చిరి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1891 నాటికి నాగపురమునుండి అసన్సోలు వరకు దారి పూర్తిచేసెను. తరువాత పది పన్నెండేండ్లకు వాల్తేరు దారియు దాని చేతికే వచ్చెను. పనికై ఉత్తరాంధ్రపు కుటుంబములు ఆ పట్టాల వెంబడి బిలాసపురము చేరెను. అక్కడి బజారులో ‘నీలాం’, వీరి ఇంట ‘వేలము’. రెండును పోర్చుగీసువారి వలన వచ్చిన ఒకే మాటకు రూపములని పండితులు చెప్పుదురు. ధర పెంచుటను ‘పాట’ యనుట మాత్రము మన వారి చమత్కారము.

అయినను వేలము మన పల్లెలలో మంగళకరమైన మాట కాదు. శిస్తు కట్టలేనివాని పొలము, అప్పు తీర్చలేనివాని ఇత్తడి బిందె తండోరా చప్పుడు నడుమ పరులపాలగుటయే దానికి జనులెరిగిన అర్థము. అట్టి మాటను ధర్మకార్యమునకు త్రిప్పినవారిలో గాంధీజీ ముఖ్యుడు. వేలము వేయువాడును ఆయనయే.

1932 సెప్టెంబరులో పూనా ఒడంబడిక జరిగిన కొలది దినములకే హరిజన సేవక సంఘము వెలసెను. ఆ నిధికై ఆయన 1933 నవంబరు 7న వార్ధా ప్రాంతమున యాత్ర మొదలిడి, మరుసటి యేడు జూలై చివర కాశీలో ముగించెను. నడచిన దూరము, ఎక్కిన బండ్లు అన్నియు కలిపి సుమారు 12,500 మైళ్లు. కూడిన ధనము దాదాపు ఎనిమిది లక్షల రూపాయలు. ఆ ధనమంతయు నాణెముల రూపమున రాలేదు. చట్రము కట్టిన సన్మానపత్రములు, వెండి పేటికలు, ఉంగరములు, గాజులు వచ్చిపడుచుండెను. వెండి పేటికతో బావి త్రవ్వించుట ఎట్లు? కనుక ఉపన్యాసము ముగియగానే, ఇచ్చిన వస్తువును ఇచ్చినవారి యెదుటనే పైకెత్తి, ఎంతకు కొందురని ఆయన అడుగుచుండెను. సంతకమునకు సైతము అయిదు రూపాయలు వెల కట్టెను. తాను వైశ్యుడనని ఆయన నవ్వుచు చెప్పుకొనుట ఊరకే కాదు.

కూలికి వేలము వేయువాడు సరుకును పొగడును. వచ్చినదానిలో వానికి పాలు కలదు. ధర్మమునకు వేయువానికి పొగడుటకు సరుకే లేదు. తన పేరే సన్మానపత్రము మీద వ్రాసియుండగా దానిని గొప్పదని ఎట్లు చెప్పగలడు? పాడువాడు కొనునది ఆ వస్తువును కాదని ఉభయులకును తెలియును. హైదరాబాదు శివారున బాలాపూరులో 1994లో 450 రూపాయలకు పోయిన వినాయకుని లడ్డు 2024లో 30,01,000 రూపాయలు పలికినది. అది తీపికి కట్టిన వెల యని ఎవ్వరనుకొందురు? గుడికిని ఊరికిని ఆ ధనము ఉపయోగపడుచున్నది. పాడినవానికి ఊరేగింపు దక్కుచున్నది. ఇందులో తప్పేమియు లేదు గాని ఒక చిక్కు కలదు. పెద్ద పాట పాడినవాడు పదిమందిలో పేరు పొందును. ఎవరికై నిధి కూడుచున్నదో వారు అదే సభలో కూర్చుండియు నోరు విప్పలేరు. పాడుటకు వారియొద్ద ఏమియు లేదు.

ఈ చిక్కు గాంధీజీ ఎరుగనిది కాదు. 1934 జనవరిలో మలబారునందలి వడకరలో జరిగినదానిని ఆయనయే వ్రాసెను. స్త్రీలను నగలిమ్మని అడిగి, ఉపన్యాసము ముగించి, వచ్చిన కానుకలను వేలము వేయుచుండగా పదునారేండ్ల కౌముది మెల్లగా వేదిక యెక్కెను. ఒక గాజు తీసి యిచ్చి సంతకమడిగెను. సంతకము పూర్తికాకముందే రెండవ గాజు, పిదప కంఠహారము, చెవుల కమ్మలు. తల్లిదండ్రుల అనుమతి కలదా యని ఆయన విచారించెను. ఆమె తండ్రి ఆ సభలోనే యుండి, సన్మానపత్రములకు పాట పాడుచు వేలమునకు తోడ్పడుచున్నవాడేయని తెలిసెను. తండ్రి పదిమందితో పోటీపడి పాడుచుండెను. కూతురికి పోటీపడువారు లేరు. మరల నగలు చేయించుమని అడుగనని ఆమె మాట యిచ్చుటయే ఆయనకు మిక్కిలి ముఖ్యముగా తోచెను.

వడకరకు ముందే, 1933 నవంబరు 25న ఆయన బిలాసపురము వచ్చెను. అర్పా నది యొడ్డున శనిచరీ అను విడిదిస్థలమున సభ. శనిచరీ అనగా శనివారపుది. ఆ దినమును శనివారమే. పల్లెలనుండి బండ్లలోను కాలినడకను జనము వచ్చి నిండెను. ఆయన కూర్చుండుటకు ఇటుకలు పేర్చి మట్టితో వేదిక కట్టిరి. ఆ సభనుగూర్చి ఊరిలో నేటికిని చెప్పుకొనునది ఉపన్యాసమును కాదు, కూడిన ధనమును కాదు. ఆయన వెడలిపోయిన పిమ్మట జనులు వేదికపై బడి మొదట ఇటుకలు, పిదప రాళ్లు, తుదకు మట్టి గుప్పెళ్లతో తీసికొని పోయిరట. పాట పెట్టినవారు లేరు. మూడవసారి యని ముగించినవారును లేరు. చీకటి పడునప్పటికి అక్కడ వేదిక లేదు.