జొన్నరొట్టె నుంచి చెరువు పూడిక దాకా: పరికల్పన నడిచిన దారి

పరిశోధన పద్ధతుల మీద తెలుగులో వచ్చిన పాఠ్యపుస్తకం ఏది తిరగేసినా పరికల్పన కథ దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. పాశ్చాత్య తత్త్వవేత్తలు ఆలోచించారు, గణాంకశాస్త్రం కొలతలు నేర్పింది, విశ్వవిద్యాలయాల మీదుగా అది మన దాకా వచ్చింది. ఆ వెంటనే మెట్లవరుస మొదలవుతుంది: సమస్య, పూర్వ పరిశోధనల సమీక్ష, పరికల్పన, ప్రశ్నావళి. కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో డిగ్రీ చదివే విద్యార్థి స్టడీ ప్రాజెక్టు చేతికి తీసుకుంటే ఈ మెట్లే ఎక్కాలి. ఈ కథ పలచన అని నా అభిప్రాయం. మన నేల మీద పుట్టిన పరికల్పనలు ఇందులో కనిపించవు. అంతకన్నా పెద్ద లోపం, మంచి పరికల్పన ఎలా పుడుతుందో ఈ కథ చెప్పదు.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. పరికల్పనలు అల్లడం తన పని కాదని న్యూటన్ 1713లో ప్రిన్సిపియా రెండో కూర్పులో ప్రకటించాడు. ప్రయోగానికి ముందు ఒక ఊహ ఉండి తీరాలని క్లాడ్ బెర్నార్డ్ 1865లో వాదించాడు. పరిశోధకుడు తన ఊహ మీద మమకారం పెంచుకోకుండా ఉండాలంటే పోటీ ఊహలను పక్కపక్కనే పెట్టుకోవాలని అమెరికా భూగర్భ శాస్త్రవేత్త చాంబర్లిన్ 1890లో రాశాడు. దోమే మలేరియాకు వాహకమన్న మాన్సన్ ఊహను పట్టుకుని రోనాల్డ్ రాస్ రెండేళ్లు సరికాని జాతి దోమలను కోస్తూ కూర్చున్నాడు. చివరికి 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో, మచ్చల రెక్కల దోమ కడుపులో పరాన్నజీవిని చూశాడు. 1935లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ పుస్తకంతో శూన్య పరికల్పన, అంటే తేడా ఏమీ లేదని ముందుగా అనుకుని పరీక్షించే ఊహ, స్థిరపడింది.

నన్ను ఎక్కువగా ఆపేది 1960. కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల, అంటే నేటి జాతీయ పోషకాహార సంస్థ, అప్పటికి ఊళ్లో కొత్త. అక్కడి సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్యల ముందుకు వచ్చిన రోగుల్లో మెడ చుట్టూ, ముంజేతుల మీద ఎండ తగిలినంత మేర చర్మం నల్లబడి పొలుసులు లేచేది. విరేచనాలు, మతి చెదరడం కూడా తోడయ్యేవి. అది పెల్లాగ్రా. దానికి కారణం తిండిలోనే ఉందని అమెరికాలో గోల్డ్‌బెర్గర్ ఎప్పుడో చూపాడు. నయాసిన్ ఇస్తే తగ్గుతుందని 1937 తర్వాత తేలింది. వైద్య గ్రంథాల లెక్కలో ఇది మక్కజొన్న తినేవాళ్ల జబ్బు. మక్కల్లోని నయాసిన్ శరీరానికి సరిగా అందదు, నయాసిన్ తయారీకి కావలసిన ట్రిప్టోఫాన్ కూడా అందులో తక్కువ.

దక్కన్‌లో ఈ రోగులు తినేది జొన్న. జొన్నలో ట్రిప్టోఫాన్ మక్కల్లో ఉన్నంత తక్కువ కాదు. అంటే పుస్తకం చెప్పిన కారణం ఇక్కడ పొసగలేదు. పేదరికమే కారణమని రాసి ఊరుకోవచ్చు, అందులో అబద్ధమూ లేదు. వాళ్లు ఊరుకోలేదు. మక్కలకూ జొన్నకూ ఉమ్మడిగా ఉన్నదేమిటని వెతికితే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం రెండింటిలోనూ ఎక్కువగా కనిపించింది. ల్యూసిన్ మితిమీరితే ట్రిప్టోఫాన్, నయాసిన్ జీవక్రియ దెబ్బతింటుందన్నది వాళ్ల పరికల్పన.

ఆ ఒక్క వాక్యం నుంచి ఎన్ని పరీక్షలు పుట్టాయో చూడండి. కుక్కలకు ల్యూసిన్ ఎక్కువ పెడితే పెల్లాగ్రాకు సమానమైన నల్లనాలుక జబ్బు రావాలి. ల్యూసిన్ తక్కువున్న జొన్న రకాలు పెడితే రాకూడదు. మనుషులకు ల్యూసిన్ ఇస్తే మూత్రంలో ఆ జీవక్రియ తాలూకు పదార్థాల లెక్క మారాలి. హైదరాబాదు ప్రయోగాలు వీటిని బలపరిచాయి. అయితే 1970లలో వేరే దేశాల ప్రయోగశాలల్లో కుక్కల మీద చేసిన పరీక్షల్లో ఆ ప్రభావం కనిపించలేదు. హైదరాబాదు బృందం కూడా తర్వాత ల్యూసిన్, ఐసోల్యూసిన్‌ల నిష్పత్తి వైపు దృష్టి జరిపింది. జొన్న తిండి తగ్గాక జబ్బు అరుదైన మాట నిజమే కానీ, అదే కాలంలో మిగతా తిండీ మెరుగుపడింది కాబట్టి దాన్ని రుజువుగా తీసుకోలేం. ఇన్ని సందేహాలు ఉన్నా ఇది గొప్ప పరికల్పన అనే అంటాను. పుస్తకానికి లొంగని ఉదాహరణ నుంచి అది పుట్టింది, తనను తప్పని తేల్చే దారులు తనే చూపింది.

మరి విద్యార్థి ప్రాజెక్టుల్లో ఈ గుణం ఎందుకు లేదు? 1993లో మొదలైన బాలల సైన్స్ కాంగ్రెస్, పదేళ్ల నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లలను స్థానిక సమస్య వైపు తిప్పి మేలు చేసింది. కళాశాల విద్యాశాఖ జిజ్ఞాస పోటీలు డిగ్రీ విద్యార్థులను ఊళ్లలోకి పంపాయి. అదీ మంచిదే. పరికల్పన దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎం.ఎడ్. సిద్ధాంత వ్యాసాల నమూనా అలాగే దిగిపోయింది. 'పురుష రైతులకూ మహిళా రైతులకూ అవగాహనలో సార్థకమైన తేడా లేదు', ఆ వెంటనే వయసుకు ఒకటి, చదువుకు ఒకటి. తేడా ఎందుకు ఉండాలో, లేకపోతే ఏం తెలుస్తుందో ఎవరూ అడగరు. ఫిషర్ శూన్య పరికల్పన పరీక్షకు పెట్టిన సాధనం. పరిశోధకుడి ఊహకు బదులుగా దాన్ని నిలబెట్టడం పొరపాటు.

దగ్గరి విషయమే తీసుకుందాం. చెరువుల పూడిక తీసి బాగుచేసే మిషన్ కాకతీయ పథకం 2015 మార్చి 12న మొదలైంది సదాశివనగర్‌లోనే. అప్పుడది నిజామాబాద్ జిల్లా, 2016 అక్టోబరు నుంచి కామారెడ్డి జిల్లా. 'చెరువుల పూడిక తీయడం వల్ల భూగర్భ జలాలు పెరిగాయి' అని విద్యార్థి రాస్తాడు. 2015 కరువు ఏడాది, 2016 సెప్టెంబరులో కుండపోత వానలు. ఈ రెండేళ్ల నీటిమట్టాలు పోలిస్తే పలుగు తగలని చెరువు కింద కూడా నీళ్లు పెరిగినట్టే కనిపిస్తాయి. చాంబర్లిన్ చెప్పిన పోటీ ఊహ ఇక్కడే కావాలి. 'ఒకే మండలంలో, ఒకే నెలలో కొలిస్తే, పూడిక తీసిన చెరువు దగ్గరి బోర్లలో నీళ్లు పూడిక తీయని చెరువు దగ్గరి బోర్ల కన్నా పైన ఉంటాయి. చెరువుకు దూరం జరిగే కొద్దీ ఆ తేడా తగ్గుతుంది' అని రాస్తే అది పరికల్పన. కారణం వానే అయితే రెండు చోట్లా మట్టం ఒకేలా ఉంటుంది, విద్యార్థి ఊహ తప్పుతుంది. ఎల్లారెడ్డి చుట్టుపక్కల పది ఊళ్లు తిరిగి, బరువు కట్టిన తాడుతో కొలిచి తేల్చగల సంగతి ఇది.

ప్రతి ప్రాజెక్టుకూ పరికల్పన అక్కర్లేదు. దోమకొండ కోట శిథిలాలు నమోదు చేసే అమ్మాయి చేత, బతుకమ్మ పాటలు సేకరించే అబ్బాయి చేత బలవంతంగా శూన్య పరికల్పన రాయించడం వాళ్ల శ్రమను చిన్నబుచ్చడమే. అవసరమైన చోట మాత్రం గైడ్లు ఒక ప్రశ్న తప్పక అడగాలి: నీ ఊహ తప్పైతే నీకేం కనిపిస్తుంది? జవాబు రానిదే ప్రశ్నావళి అచ్చు వేయించవద్దు. ఊహ తప్పని నిజాయితీగా తేల్చి వచ్చిన విద్యార్థికి మార్కులు కోయవద్దు.