కాల్వ నీళ్లూ కంప్యూటరు చదువూ

1855లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయింది. కాల్వల కింద వరి పండింది. పొలమున్నవాళ్ల చేతిలో మిగిలిన డబ్బే తర్వాత చదువైంది. 1977లో బెజవాడలో పెట్టిన సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ ఉమ్మడి రాష్ట్రంలోనే ప్రైవేటు రంగంలో మొదటిది. అక్కణ్ణించి దారి అమెరికాకీ, 1998లో హైదరాబాదులో తెరిచిన సైబర్ టవర్స్‌కీ సాగింది.

మాలో పొలమున్న ఇళ్లు తక్కువ. దూదేకాం, బట్టలు కుట్టాం, ఆటోనగర్లో లారీ ఇంజన్లు విప్పి బిగించాం. ఇంజన్ గుట్టు తెలిసినా ఇంజనీర్లం కాలేకపోయాం. సాయిబులకి చదువబ్బదన్నారు. మాకు లేనిది తెలివి కాదు, ఫీజు కట్టే ఎకరం.

దూదేకుల వాళ్లు ముందునుంచీ బి.సి. జాబితాలో ఉన్నారు. తక్కిన వెనకబడిన ముస్లింలకి 2007లో 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. 2010లో హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిచింది. ఆ సీట్లలో చదివి మా గల్లీల పిల్లలూ పెద్ద కంపెనీల్లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లయ్యారు. వాళ్లని చూసి 'కోటా' అంటారు. ఆనకట్ట నీళ్లనీ ఆ మాటే అనరేం? డెల్టా బిడ్డల ప్రతిభ గురించి రాసేవాళ్లు కాల్వ గురించీ రాయాలి. అప్పుడే అది మా చరిత్ర కూడా అవుతుంది.