భివండీ గడ్డి వాలులు

మరమగ్గాల పట్టణంగా పేరుపడిన భివండీ చుట్టూ ఒకప్పుడు గడ్డి వాలులు కూడా ఒక సంపద. జూన్ నుంచి సెప్టెంబరు దాకా రెండు వేల మిల్లీమీటర్లకు మించి వాన కురిసే ఈ థానే జిల్లా నేలలో నీరు నిలిచినచోట, నీడ పడినచోట, పాత గడ్డి కుళ్లి పొరగా పరుచుకున్నచోట పాచి పడుతుంది. నిజమైన వేళ్లు లేని ఈ మొక్క గడ్డిని చంపి రాదు. గడ్డి బలం తగ్గి వదిలిన జాగాలోకి పాకుతుంది. కాబట్టి పాచిని గీకి పారవేస్తే చాలదు, కింద పేరుకున్న ఎండుపీచును తీసి మొదళ్లకు గాలి, వెలుతురు తగలనివ్వాలి. ఇంగ్లండు పచ్చికబయళ్లను ఇనుప పళ్ల దంతెతో గీరడంలోని ఉద్దేశం ఇదే.

ఆ పచ్చికబయళ్ల సంరక్షణకు బట్టల మిల్లులతో దగ్గరి సంబంధం ఉంది. ఉన్ని బట్టను ముళ్ల కాయలతో దువ్వి లేపిన నూగును తిరిగే కత్తులతో సమంగా కత్తిరించే యంత్రాన్ని ఆధారం చేసుకొని, స్ట్రౌడ్ ప్రాంతానికి చెందిన ఎడ్విన్ బడింగ్ 1830లో గడ్డి కోత యంత్రానికి పేటెంటు పొందాడు. భివండీ పల్లెల్లో మాత్రం గడ్డి నేలను కొడవలి, పశువు, నిప్పు కాపాడాయి.

వరి మళ్లకు ఎగువన ఉండే మెట్ట వాలును అక్కడ వర్కస్ అంటారు. రైతు దానిలో రాగి వంటి చిరుధాన్యం పండించి, తరువాత కొన్నేళ్లు గడ్డికి వదిలేవాడు. అక్కడి గడ్డి, ఆకు, రొట్ట కింది వరి నారుమడికి చేరేవి. నారుమడి తయారుచేసే ఆ పద్ధతి పేరు రాబ్. వేసవిలో మడి మీద మొదట పేడ, దానిపై కొమ్మల రొట్ట, ఆపైన గడ్డి పరిచి, మీద పలుచగా మన్ను చల్లి, గాలికి ఎదురుగా మంట నెమ్మదిగా పాకేటట్లు నిప్పు పెట్టేవారు. తొలకరికి ఆ బూడిద మీదే విత్తనం చల్లేవారు. మంటకు కలుపు గింజలు మాడిపోవడం వల్ల నారు పోటీ లేకుండా ఎదిగేది. 1878 అటవీ చట్టం తరువాత రొట్ట కోతకు ఆంక్షలు వచ్చి, థానే రైతులు గట్టిగా ప్రతిఘటించగా, 1885లో ఏర్పడిన బొంబాయి అటవీ కమిషన్ రొట్ట కోసుకొనే హక్కును విచారించింది. అడవిని పాడుచేసే మూఢాచారమని అధికారులు కొట్టిపారేసిన రాబ్ పద్ధతిని పుణె వ్యవసాయ కళాశాలకు చెందిన హెరాల్డ్ మాన్ తన సహచరులతో కలిసి పరిశోధించి 1912లో ప్రచురించాడు. బూడిద ఎరువే కాక మట్టికి తగిలే వేడి కూడా నారుకు మేలు చేస్తుందని అందులో తేలింది. రైతు అనుభవాన్ని ప్రయోగశాల ఆలస్యంగానైనా గౌరవించిన సందర్భమిది.

నారుమడికి పోగా మిగిలిన గడ్డి ముంబైకి పోయేది. 1874లో గుర్రపు ట్రాములు నడవడం మొదలైన ఆ నగరానికి మేత కావాలి. థానే జిల్లా దానిని మోపులుగా కట్టి పంపింది. లాభం వ్యాపారికి, భూస్వామికి దక్కగా, కోసిన ఆదివాసీకి దక్కిన కూలి అత్యల్పం. నాటి జిల్లా ఉత్తర భాగాన కిసాన్ సభకు చెందిన గోదావరి పరులేకర్ నాయకత్వంలో వార్లీ ఆదివాసీలు 1945లో చేసిన సమ్మెకు ప్రధానమైన కోరిక, 500 పౌండ్ల గడ్డి కోతకు రెండున్నర రూపాయల కూలి. మరుసటి ఏడాది జూలైలో నాటి నల్లగొండ జిల్లా కడవెండిలో, తెలంగాణ రైతు పోరాటంలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. భివండీకి తరువాత వలస వచ్చిన పద్మశాలీలలో చాలామంది ఆ జిల్లా వారూ, కరీంనగర్, వరంగల్ వారూ కావడం వల్ల ఈ రెండు చరిత్రలనూ కలిపి చదవడం అవసరం.

1982 ముంబై మిల్లుల సమ్మె తరువాత నేత పని పెద్ద ఎత్తున భివండీకి తరలింది. పద్మనగర్, కామత్‌ఘర్ తెలుగు పేటలు నిండాయి. నాసిక్ రహదారికి చేరువలోని మాన్‌కోలీ, పూర్ణా, దాపోడే గ్రామాల పొలాల్లో గోదాములు లేచాయి. వర్కస్ విధానం ఇంకా బతికి ఉన్నది షహాపూర్, ముర్బాడ్ తాలూకాల ఆదివాసీ పల్లెల్లో. అక్కడ నేటికీ వేసవిలో నారుమళ్లపై రాబ్ కాలుస్తారు.