అన్నపూర్ణ నుంచి దిగుదారి

మోరిస్ హెర్జోగ్ ‘అన్నపూర్ణ’ను విజయగాథగా చదవడం పరిపాటి. వైద్యుడి కంటికి మాత్రం అందులోని అసలు కథ శిఖరం చేరాకే మొదలవుతుంది.

1950 జూన్ 3న హెర్జోగ్, లూయీ లాషెనాల్ 8,091 మీటర్ల అన్నపూర్ణ శిఖరాన్ని చేరారు. ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరంపై మనిషి కాలుమోపడం అదే మొదలు. దిగేటప్పుడు హెర్జోగ్ చేతితొడుగులు జారి దొర్లిపోయాయి. సంచిలో అదనపు మేజోళ్లున్నాయి. వాటినైనా చేతులకు తొడుక్కోవచ్చునన్న ఊహే ఆయనకు కలగలేదు. ప్రాణవాయువు కొరవడిన మెదడు ఎంత చిన్న విషయంలో తడబడుతుందో చూపడానికి ఇంతకు మించిన ఉదాహరణ అరుదు.

పై శిబిరంలో తెరే, రెబుఫా మిత్రుల గడ్డకట్టిన అవయవాలను రుద్దారు, తాడు కొసలతో కొట్టారు, రక్తం మళ్లీ పారాలని. అలా రుద్దితే కణజాలం మరింత చెడుతుందని నేటి వైద్యం అంటుంది; ఆనాటి నమ్మకం వేరు. మర్నాటి రాత్రి నలుగురూ ఒక మంచు పగులులో తలదాచుకున్నారు. తెల్లవారేసరికి, కాపాడవలసిన ఆ ఇద్దరికీ మంచు వెలుగు దెబ్బకు చూపు పోయింది.

బృందవైద్యుడు జాక్ ఊదో రక్తనాళాలు తెరుచుకోవాలని ధమనుల్లోకే సూదిమందులు ఎక్కించాడు. ఆ బాధను చదవడమే కష్టం. ఈలోగా వానలు పట్టుకున్నాయి. షెర్పాలు, కూలీలు క్షతగాత్రులను వారాల తరబడి వీపులపై మోశారు. పుస్తకం కీర్తిలో వారి వాటా స్వల్పం. కుళ్లిన వేళ్లను ఊదో దారిలోనే తీసేస్తూ వచ్చాడు; భారతదేశంలో రైలెక్కాక కూడా ఆ పని ఆగలేదు. చివరకు హెర్జోగ్‌కు చేతివేళ్లూ కాలివేళ్లూ పోయాయి, లాషెనాల్‌కు కాలివేళ్లన్నీ పోయాయి.

హెర్జోగ్ ఆసుపత్రి మంచం మీదినుంచి చెప్పి రాయించిన పుస్తకం 1951లో వెలువడి లక్షల ప్రతులు అమ్ముడైంది. తరవాత ఆయన మంత్రి అయ్యాడు, షామొనీ మేయరూ అయ్యాడు. మిగతా సభ్యులు మాత్రం ఐదేళ్లపాటు ఏమీ ప్రచురించబోమని బయలుదేరేముందే సంతకాలు చేసి ఉన్నారు.

లాషెనాల్ వృత్తిరీత్యా పర్వత మార్గదర్శి. పాదాలే అతని జీవిక. పలు శస్త్రచికిత్సల తరవాత మళ్లీ కొండలెక్కాడు. 1955లో స్కీయింగ్ చేస్తూ మంచు పగులులో పడి మరణించాడు. మరుసటి ఏడు వెలువడిన అతని పుస్తకంలో కొన్ని భాగాలు తొలగించబడ్డాయి. అవి 1996లో గాని వెలుగు చూడలేదు. శిఖరానికి కాస్త దిగువన, కాళ్లు గడ్డకడుతున్నాయని గ్రహించి అతడు వెనుదిరుగుదామన్నాడు. ఒంటరిగానైనా వెళ్తానన్నాడు హెర్జోగ్. అయితే వెంట వస్తానన్నాడు లాషెనాల్. ఆ సంభాషణ హెర్జోగ్ పుస్తకంలోనూ ఉంది. అతడు ఎందుకు వెంట నడిచాడో మాత్రం అందులో లేదు: తాను లేకుంటే హెర్జోగ్ తిరిగిరాడని లాషెనాల్ నమ్మాడు.