గడ్డి మిషన్: తారీఖ్‌లోనే ఉన్న నుక్స్

పురానా గడ్డి మిషన్ సస్తాలో దొరికిందని కొని, మూడు రోజులు తాడు లాగి భుజం నొప్పి తెచ్చుకున్న భాయీలు మనలో తక్కువేం కాదు. వానలయ్యాక ఖబరస్తాన్‌లో నడుమెత్తు గడ్డి కోయాలన్నా, పొలం గట్టు సాఫ్ చేయాలన్నా ఇప్పుడు దాన్నే వెతుకుతున్నాం. మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్తే చాలాసార్లు ఒకటే ఫైసలా: "బోరు పోయింది సాబ్, ఇంజిన్ ఖతం." తుక్కు కింద అమ్మే ముందు దీని పుట్టుక కిస్సా వినండి.

ఇంగ్లాండులో బాత్ నగరపు ఇంజనీరు జోసెఫ్ డే 1891లో ఒక టూ స్ట్రోక్ ఇంజిన్‌కు పేటెంట్ తీసుకున్నాడు. ఇంధనం, గాలి ముందు క్రాంక్‌కేసులోకి వెళ్లి, అక్కడి నుంచి సిలిండర్‌లోకి ఎక్కుతాయి. దారే అదయ్యాక అడుగున ఆయిల్ నిలవ ఉంచే జాగా ఎక్కడిది? అందుకే ఆయిల్ పెట్రోలుతో కలిసే ప్రయాణించాలి. దునియా అంతా వాడుకున్న హునర్ ఆయనది. ఆయన మాత్రం 1946లో గుమ్‌నామ్‌గానే ఇంతెకాల్ అయ్యాడు.

గడ్డి కోసే తీగ అమెరికా ఖయాల్. 1971లో హ్యూస్టన్‌లో డాన్స్ స్కూళ్లు నడిపే జార్జ్ బల్లాస్, కార్లు కడిగేచోట గిరగిరా తిరిగే నైలాన్ బ్రష్‌లు చూశాడు. పాప్‌కార్న్ డబ్బాకు బెజ్జాలు పెట్టి, గాలపు తీగ దూర్చి, మోటారుకు బిగించి తిప్పాడు. 1977లో ఆ వ్యాపారాన్ని ఎమర్సన్ ఎలక్ట్రిక్ కొనుక్కుంది.

పెట్రోలు మిషన్‌ను పక్కకు వంచినా, ఎత్తినా నడవాలి. అందుకే చైన్ రంపాల్లో వాడే డయాఫ్రం కార్బ్యురేటర్ దీనికీ పెట్టారు. మన పాత ఉస్తాద్‌లు టూ స్ట్రోక్ ఇల్మ్ నేర్చింది చేతక్ స్కూటర్ల మీద. అందులో ఉన్నది ఫ్లోట్ కార్బ్యురేటర్. ఇక్కడ ఫ్లోట్ లేదు, కాగితమంత పల్చని పొర ఉంది. పెట్రోలు నెలల తరబడి ట్యాంకులోనే ఉంటే ఆ పొర బిగుసుకుపోతుంది, రబ్బరు పైపులు పగుళ్లిస్తాయి. బంకు పెట్రోలులో కలిసే ఇథనాల్ తేమను పీల్చి ఈ ఖరాబీని ఇంకా పెంచుతుంది.

కాబట్టి చోక్ మీద స్టార్ట్ అయి, చోక్ తీయగానే ఆగిపోతే ముందు శక్ పెట్టుకోవాల్సింది బోరు మీద కాదు. ట్యాంకులోని పైపు, ఫిల్టర్, తర్వాత డయాఫ్రం చూడండి. ఆ పొరల కిట్ ఖరీదు ఇంజిన్ ముందు లెక్కలోకి రాదు. వేడెక్కాక దమ్ము తగ్గితే సైలెన్సర్ జాలీలో మసి పట్టిందేమో చూడండి.

అసలు ఇంతెహాన్ మాత్రం కొనే ముందే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ విప్పించి, లోపలికి టార్చ్ కొట్టండి. పిస్టన్ పక్కలు నున్నగా మెరిస్తే బేరమాడండి. నిలువు గీతలు లోతుగా కనిపిస్తే ఎవరో ఆయిల్ కలపకుండా నడిపారనే గట్టి శక్. ఎంత సస్తా అయినా వదిలేయండి. కొన్నాక 50:1 అని రాసి ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్, 25:1 అయితే 40. అందాజాగా పోయొద్దు. సీజన్ అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన చుక్క అయిపోయేదాకా నడిపి పెట్టండి.